నీడపట్టు

గ్రీన్‌హౌస్ చలి దేశాల వాళ్లు కట్టుకున్న ఇల్లు. మంచు కురిసే చోట నాలుగు మొక్కలు బతకాలంటే ఎండను పట్టి లోపల దాచుకోవాలి. మా జనగామలో ఎండను దాచుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. శివరాత్రి దాటిందంటే ఎండ నుంచి దాక్కోవడమే ఇక్కడి పని. అయినా మా డాబా మీద నాకొక గ్రీన్‌హౌస్ ఉంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ఇనుప పైపుల చట్రం, మీద 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు. మా అమ్మ దాన్ని ‘కవరిల్లు’ అంటుంది. వానల్లో నారు కుళ్లిపోకుండా, కోతులు పీకి పారేయకుండా కట్టించాను. కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంటి పని ముగించుకున్నాక నాకోసం నేను చేసుకునే పని అదొక్కటే. ఏడాదిలో ఎనిమిది నెలలు దానితో ఏ పేచీ లేదు. మార్చి నుంచి జూన్ దాకా దాన్ని ఎలా కాపాడుకోవాలన్నదే ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే అది మొక్కల దగ్గర ఆగలేదు.

ముందు అది ఎందుకంత వేడెక్కుతుందో చూడాలి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి డాబా మీద నీడలో 41 డిగ్రీలుంటే, తలుపు మూసిన కవరింట్లో థర్మామీటరు 50 దాటుతుంది. టమాటకు పగటి వేడి 35 డిగ్రీలు దాటితేనే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. మిరపా అంతే. ఇక 50 అంటే వేరుకు నీళ్లున్నా ఆకు నిలబడదు. ఎండ పాలిథీన్‌ను దాటి లోపలికి వస్తుంది. మట్టి, కుండీలు, ఆకులు దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి. వాటిని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆరుబయట అయితే ఆ గాలి పోయి చల్లగాలి వస్తుంది. ఇక్కడ దానికి దారి లేదు. 1909లో ఆర్. డబ్ల్యూ. వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రెండు పెట్టెలు చేసి, ఒకదానికి గాజు మూత, రెండోదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. లోపలి నుంచి వచ్చే వేడి కిరణాలను గాజు ఆపుతుంది, రాతి ఉప్పు పోనిస్తుంది. అయినా రెండు పెట్టెలూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. తోటలోని అద్దాల ఇల్లు వేడెక్కడానికి ముఖ్య కారణం గాలి బంధించబడటమే అని దానితో తేలింది. అందుకే నీడ కంటే ముందు దారి ఇవ్వాలి. నేను రెండు పక్కలా కింద షీటును పైకి చుట్టి కట్టే ఏర్పాటు చేయించాను, కప్పు కొన దగ్గర అడుగున్నర సందు వదిలించాను. సందులకు దోమతెర కుట్టాను. కింది నుంచి గాలి వస్తుంది, పై నుంచి వేడి పోతుంది.

ఈ అద్దాల ఇంటి పేరునే భూమికి పెట్టి ‘గ్రీన్‌హౌస్ ప్రభావం’ అంటున్నాం. వుడ్ కంటే చాలా ముందు, 1856లో, యూనిస్ ఫుట్ అనే అమెరికన్ స్త్రీ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి, థర్మామీటర్లు పెట్టి, ఎండలో ఉంచి చూసింది. పొడిగాలి కంటే తేమగాలి ఎక్కువ వేడెక్కింది. బొగ్గుపులుసు వాయువు నింపిన గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది, ఎండలోంచి తీశాక చల్లబడటానికి చాలాసేపు తీసుకుంది. గాలిలో ఆ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. ఆ ఏడాది ఆల్బనీలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆ పత్రాన్ని ఆమె చదవలేదు, జోసెఫ్ హెన్రీ అనే ప్రొఫెసర్ చదివాడు. మూడేళ్ల తర్వాత అదే దిశలో మరింత లోతుగా ప్రయోగాలు చేసిన జాన్ టిండాల్ పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఫుట్ పేరు 2011 దాకా దాదాపు ఎవరికీ గుర్తు లేదు. 1848లో సెనెకా ఫాల్స్ స్త్రీల హక్కుల ప్రకటన మీద సంతకం చేసిన వాళ్లలో ఆమె ఒకరని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు.

మన దేశంలో ఎండను కొలిచిన మనిషీ స్త్రీయే. 1918లో పీరుమేడులో పుట్టిన అన్నా మణి బెంగళూరులో సి. వి. రామన్ దగ్గర పరిశోధన చేశారు. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో ఆమెకు పీహెచ్‌డీ రాలేదు. తర్వాత వాతావరణ శాఖలో చేరి, 1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా దేశమంతటా సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాలు పెట్టించారు. 1980లో వచ్చిన ఆమె పుస్తకం భారతదేశపు ఎండకు లెక్కల పుస్తకం వంటిది. ఎండ అందరికీ ఒకటే అంటాం కదా. ఏ చోట ఎంత పడుతుందో విడివిడిగా కొలవాలని ఆమె పని చెబుతుంది. ఆ కొలతను మనుషుల దాకా తీసుకురావాలని నాకనిపిస్తుంది.

గాలికి దారి ఇచ్చాక నీడ. వల కొనడానికి బజారుకు వెళ్తే దుకాణదారు మొదటి ప్రశ్న, “కారు షెడ్డుకా మేడం?” మా ఊళ్లో పచ్చ వల ఎక్కువగా అమ్ముడుపోయేది కార్లకే. మొక్కలకు అన్నాను. “సార్‌ను తీస్కరాండ్రి, కొలతలు మాట్లాడుకుందాం” అన్నాడు. కొలతల కాగితం నా చేతిలోనే ఉంది. వలలు 35, 50, 75, 90 శాతం అని దొరుకుతాయి. 50 శాతం వల అంటే పడే వెలుతురులో సగాన్ని ఆపుతుంది. కూరగాయల నారుకు అదే సరిపోతుంది. ఎండ ఎక్కువ కదా అని 90 శాతం వల వేస్తే నారు వెలుతురు కోసం మెడ చాచి, సన్నగా పాలిపోయి సాగుతుంది. అలాంటి మొక్కను బయట నాటితే మొదటి గాలికే ఒరిగిపోతుంది.

వల ఎక్కడ కట్టాలన్నది అంతకంటే ముఖ్యం. చాలామంది సౌకర్యంగా ఉంటుందని లోపల, కప్పు కింద కడతారు. అప్పుడు ఎండ ముందు ఇంట్లోకి వచ్చేస్తుంది, వల దాన్ని పీల్చుకుని వేడెక్కి ఆ వేడిని లోపలే వదులుతుంది. మొక్క మీద నీడ పడుతుంది కానీ ఇల్లు చల్లబడదు. వల బయట ఉండాలి, షీటుకు అంటుకోకుండా అడుగు ఎత్తున ఉండాలి, మధ్యలో గాలి ఆడాలి. వల కొనలేని ఏడు సుద్దనీళ్లు చిక్కగా కలిపి షీటు మీద బయట చల్లితే తెల్లటి పొర ఏర్పడి కొంత ఎండను తిప్పికొడుతుంది, వానలు పడగానే కడుక్కుపోతుంది. పడమటి వైపు చిక్కుడు తీగ పాకించినా మంచిదే, కానీ దాన్ని మాఘంలోనే మొదలుపెట్టాలి. అన్నిటికంటే పనికొచ్చింది తాడు. వలకు కడియాలు కుట్టి తీగ మీదికి ఎక్కించి, తాడుతో లాగేలా చేశాను. పొద్దున తొమ్మిది దాకా ఎండ పడనిస్తాను, తర్వాత కప్పుతాను, సాయంత్రం నాలుగున్నరకు తీసేస్తాను. వేసి తీసుకునే వీలు లేకపోతే అదే నీడ మొక్కకు చెరుపు చేస్తుంది.

ఇదంతా నేర్చుకుంటున్న రోజుల్లోనే ‘నీడపట్టు’ అన్న మాట గురించి ఆలోచించాను. నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చినప్పుడు మహబూబాబాద్‌లో మా చుట్టాలంతా అన్న మాట, “ఆడపిల్లకు నీడపట్టు నౌకరి దొరికింది.” సంబంధాలు చూసేటప్పుడూ అంతే, నీడపట్టున కూర్చోబెట్టి తిండి పెట్టే ఇల్లా కాదా అని అడుగుతారు. ఎండలో పనిచేయకపోవడం ఒక హోదా. దానికి పాత పేరు కూడా ఉంది. సంస్కృతంలో అంతఃపుర స్త్రీలను ‘అసూర్యంపశ్య’లు అన్నారు, సూర్యుణ్ణి చూడనివాళ్లని అర్థం. ఆ గౌరవం గడప దాటని కులాల స్త్రీలకు. వాళ్ల పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి, పంట కోసిన స్త్రీలను ఎవరూ ఆ మాటతో పిలవలేదు. కొందరికి 90 శాతం వల కప్పి గౌరవం అన్నారు, ఎక్కువమందికి పోగు కూడా కప్పలేదు. రెండు చోట్లా తాడు వాళ్ల చేతిలో లేదు.

కాపాడటం పేరుతో కప్పేయడానికి మా చెల్లెలి ఊరు మంచి ఉదాహరణ. భూపాలపల్లి బొగ్గు ఊరు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లో పనికి పెట్టుకోకూడదని చెప్పింది. పైన, పగటిపూట పని చేయవచ్చు. అంటే స్త్రీకి అనుమతి ఉన్నది ఎండలోనే. మంచి జీతం వచ్చే కిందిపని ఆమె రక్షణ కోసం అంటూ మూసేశారు. 2019లో కేంద్రం కొన్ని షరతులతో ఆ తలుపు తెరిచింది. తెరవడానికి అరవై ఏడేళ్లు పట్టింది.

మా చెల్లె కూడా నన్ను చూసి తన పెరట్లో చిన్న కవరిల్లు కట్టుకుంది. దాని బాధ వేరు. “అక్కా, నువ్వు నీడ కొనుక్కుంటున్నవ్, నాకు ఉత్తగనే పడ్తున్నది” అని నవ్వుతుంది. నల్లటి దుమ్ము షీటు మీద పొరలా పేరుకుని వెలుతురును ఆపుతుంది. కానీ ఆ నలుపు ఎండను తిప్పికొట్టదు, పీల్చుకుంటుంది, షీటు ఇంకా కాలుతుంది. వారానికి రెండుసార్లు గుడ్డతో తుడిచి, ఆ పైన వల కప్పుతుంది. ఆ ఊరి పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మా ఇంట్లో ఫ్యాను తిరగడం వెనక బొగ్గు ఉంది, ఆ బొగ్గు మండితే వచ్చేది యూనిస్ ఫుట్ గొట్టంలో నింపిన వాయువే. నా కవరింటికి షీటు చుట్టి సందు ఇవ్వగలిగాను. భూమికి అలా చుట్టి కట్టే పక్క లేదు.

మహబూబాబాద్ వైపు మిరప ఎక్కువ. ఇప్పుడు నారు పొలంలో పోయడం తగ్గింది, వల నీడ నర్సరీలు వచ్చాయి. కొబ్బరి పొట్టు నింపిన 98 గుంతల ట్రేల్లో గుంతకొక గింజ పెట్టి పెంచుతారు. గింజ పెట్టేది, తడిపేది, మొలవని గుంతలో మళ్లీ పెట్టేది అంతా స్త్రీలే, వాళ్లలో తండాల నుంచి వచ్చే లంబాడా స్త్రీలు ఎక్కువ. ట్రేల ధర కనుక్కోవడానికి నేనొక నర్సరీకి వెళ్లాను. ఎలా ఉంది పని అని అడిగితే ఒకామె చేతులాపకుండానే చెప్పింది, “మంచిగనే ఉంటది మేడం. కూలి జర తక్కువనే, గని నీడపట్టు. నారుకు నీడ కావాలె గదా, దాని ఎంబడి మాగ్గూడ దొరుకుతది.”

ఆ మాట నాతోనే ఉండిపోయింది. అక్కడ వల కట్టింది ఆమె కోసం కాదు. నారు ఖరీదైనది కాబట్టి దానికి నీడ పడుతుంది, నారు పక్కన కూర్చున్నందుకు ఆమెకూ కొంత అందుతుంది, అందుకు కూలిలో కోత కూడా పడుతుంది. నలభై రోజులు కాగానే నారు పొలానికి పోతుంది. వల అక్కడే ఉంటుంది. అదే స్త్రీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎర్రటి ఎండలో మిరపకాయలు ఏరుతుంది. తల మీద కొంగు, దాని మీద తువ్వాల. చేతుల మంట సరేసరి. మిరప చేలో ఏరేవాళ్లు కదిలే కొద్దీ కదిలే పందిరి ఒకటి ఎందుకు ఉండకూడదో నాకు తెలియడం లేదు. నాలుగు కర్రలు, ఒక వల, రెండు తాళ్లు, అంతే కదా దానికి కావలసింది.

ఆ మధ్య చట్టంలో నీడ అన్న మాట ఉందేమో అని వెతికాను. ఉంది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పనిచోట తాగునీరు, పిల్లలకూ విశ్రాంతికీ నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసింది. దయ అని కాకుండా హక్కుగా నీడను రాసిన ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. నేను చూసిన ఒక పనిచోట మాత్రం ఆ నీడ నీళ్ల కుండలకే సరిపోయింది, తల్లులు పిల్లల్ని గట్టు మీది వేపచెట్టు కింద పడుకోబెట్టారు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా గుర్తించి, చనిపోయిన వారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామని చెప్పింది. అది అవసరమే. కానీ ఆ డబ్బు మనిషి పోయాక వస్తుంది. వల ధర అందులో ఎన్నో వంతు?

పొలానికి నీడ కావాలన్నా ఇబ్బంది ఉంది. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక పాలీహౌస్‌లకు 75 శాతం సబ్సిడీ ప్రకటించారు. చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చులో గ్రీన్‌హౌస్‌లు చేస్తున్న హైదరాబాద్ సంస్థ ఖేతికి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. మంచి పనులే. అయితే సబ్సిడీ కాగితానికి పాసుపుస్తకం జత చేయాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడుపుతున్నట్టు లెక్కకెక్కిన వారిలో స్త్రీలు దాదాపు 14 శాతం. కౌలు భూమిలో పండించిన పంట కోసం దొరతో తలపడిన ఐలమ్మ ఊరు పాలకుర్తి మా జిల్లాలోనే ఉంది. చేను చేసేది ఒకరు, కాగితం ఇంకొకరిది అన్న సంగతి ఆమె నాటిదే.

చివరగా వంటింటి గురించి. మహబూబాబాద్‌లో మా ఇల్లు పెంకుటిల్లు, లోపల వేసవిలో కూడా ఓర్చుకోవచ్చు. వంటిల్లు మాత్రం వెనక రేకులు దించి కట్టింది. బాపు ముందు వసారాలో ఫ్యాను కింద పేపరు చదువుకునే వేళకు అమ్మ ఆ రేకుల కింద పొయ్యి ముందు ఉంటుంది. నలభై ఏళ్లుగా అంతే. కిందటి వేసవిలో నా థర్మామీటరు తీసుకెళ్లి ఆ వంటింట్లో తగిలించాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు 46. అచ్చంగా కవరింటి లెక్కే, ఎండను పట్టే కప్పు, గాలికి దారి లేని గోడలు, పైగా లోపల ఒక పొయ్యి. మందు కూడా అదే. పై వరసలో రెండు ఇటుకలు తీయించి సందు ఇచ్చాం, రేకుల మీద సున్నం కొట్టించాం, అడుగు ఎత్తున వెదురు కట్టి 75 శాతం వల పరిచాం. ఇక్కడ మొక్కలు లేవు, వెలుతురు కిటికీ నుంచి వస్తుంది, కాబట్టి చిక్కటి వల పనికొస్తుంది. వారం తర్వాత అదే వేళకు 40 చూపించింది. చల్లగా ఉందని కాదు, మనిషి నిలబడగలిగేలా ఉంది.

అమ్మ కాసేపు పైకి చూసి, “చెట్లకే అనుకున్న, మనుషులకు గూడ పడ్తదన్నట్టు” అంది. అప్పటికి నేను వల తాడును పై మేకుకు బిగిస్తున్నాను.

“గంత మీద కట్టకు బిడ్డా. నాకందేటట్టు కట్టు. పొద్దుగూకంగ నేనే ఇప్పుకుంట, జర సల్లగాలి రానీ.”

మేకు పీకి, ఆమె చెయ్యెత్తి చూపిన చోట కొట్టాను.